మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ బాధ్యత తీసుకున్నాక: హ్యాండోవర్ నుంచి రిలీజ్ దాకా నా అనుభవం

2025 ఫిబ్రవరిలో ఒక మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ బాధ్యత నాకొచ్చింది. డ్రైవర్ అంటే మన ప్రోగ్రామ్‌ను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సర్వర్‌కు కలిపే లైబ్రరీ. మొత్తం పైథాన్‌లోనే రాసిన డ్రైవర్, లోపల సీ లైబ్రరీ ఏదీ ఉండదు. సాకెట్ తెరిచి, సర్వర్ పంపే బైట్లను తనే చదువుకుంటుంది. వెనక కంపెనీ లేదు, జీతాలు లేవు, ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు నలుగురూ చూసుకునే ప్రాజెక్టు. నవంబరులో కొత్త వెర్షన్ బయటికొచ్చింది. ఈ మధ్యలో ఏ పని ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది వరసగా రాస్తున్నాను. ఇలాంటిది తలకెత్తుకోబోయేవాళ్ళకు ముందే తెలిస్తే మంచిది.

హ్యాండోవర్ అంటే కోడ్ ఉండే రిపోజిటరీలో కొత్త మనిషిని అడ్మిన్ చేస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అడిగి తీసుకోవలసినవి ఇంకా ఉన్నాయి: పైథాన్ ప్యాకేజీలు పంచే పైపీఐ సైటులో ప్యాకేజీ హక్కు, డాక్యుమెంటేషన్ సైటు ఖాతా, డొమైన్ పేరు, భద్రతా లోపాల గురించి రాసే మెయిల్ చిరునామా. చివరి రెండూ ఎవరికీ గుర్తుండవు. డొమైన్ గడువు తీరితే పాత లింకులన్నీ ఇంకెవరి చేతుల్లోకో పోతాయి. భద్రతా మెయిల్ పాత మనిషి ఇన్‌బాక్స్‌కే వెళ్తూ ఉంటే, లోపం కనిపెట్టినవాడు జవాబు లేక విసిగి దాన్ని బయటపెట్టేస్తాడు. పైపీఐలో 'మెయింటెయినర్' హక్కుతో ఫైళ్ళు ఎక్కించొచ్చు గానీ ఇంకొకరిని చేర్చడానికి కుదరదు. అడిగేటప్పుడే 'ఓనర్' హక్కు అడగాలి.

పైపీఐలో 2024 జనవరి 1 నుంచి రెండంచెల లాగిన్ తప్పనిసరి. పాత నిర్వాహకుడు అప్పటికి ఫోన్ మార్చేశారు, రికవరీ కోడ్‌లు ఎక్కడ దాచారో గుర్తులేదు. అవి దొరికేదాకా వారాల తరబడి నేను ఇష్యూలు (యూజర్లు పెట్టిన ఫిర్యాదులు) చదవడం తప్ప చేయగలిగింది లేదు. అవి దొరక్కపోతే పెప్ 541 అనే పైపీఐ పేర్ల నిబంధన కింద ప్యాకేజీ పేరు బదిలీకి అర్జీ పెట్టుకోవాలి. యజమానిని ఎన్ని రకాలుగా కాంటాక్ట్ చేయబోయామో అందులో చూపించాలి. అందుకే పాత మనిషికి రాసిన ప్రతి మెయిల్‌నీ మొదటి రోజు నుంచే దాచిపెట్టాను.

హక్కులన్నీ ఒకేసారి చేతిలో పెట్టలేదు. మొదట ఇష్యూలకు లేబుళ్ళు వేసే హక్కు, తర్వాత మార్పులను కోడ్‌లో కలిపే (మెర్జ్) హక్కు, చిట్టచివర రిలీజ్ హక్కు. ఇందులో నొచ్చుకోవలసింది ఏమీ లేదు. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో దొంగ కోడ్ దూర్చిన మనిషి ఏళ్ళ తరబడి సాయం చేసి, నమ్మకం సంపాదించి, సహ నిర్వాహకుడయ్యాకే ఆ పని చేశాడు. 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టింది పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్. వేరే మెషీన్‌లోకి దూరం నుంచి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎక్కువ తీసుకుంటోందేమని తవ్వుకుంటూ వెళ్తే అది తగిలింది. ఆ కథ తెలిసిన ఏ పాత నిర్వాహకుడైనా ఆచితూచే ఇస్తాడు, ఇవ్వాలి కూడా.

ఏప్రిల్‌కి అసలు పనిలో దిగాను. తెరిచి ఉన్న ఇష్యూల్లో సగానికి సగం ఒకే మాట: 'కనెక్షన్ ఒక్కోసారి అవుతోంది, ఒక్కోసారి అవడం లేదు.' ఇవి ఎందుకు పెరిగాయో చెప్పాలంటే సర్వర్ వైపు మార్పులు చూడాలి. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి కొత్త యూజర్లకు పాస్‌వర్డ్ సరిచూసే డిఫాల్ట్ పద్ధతి క్యాషింగ్ షా2. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 8.4లో పాత పద్ధతి అయిన నేటివ్ పాస్‌వర్డ్ ప్లగిన్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు. అదే ఏడాది జూలైలో వచ్చిన 9.0లో దాన్ని సర్వర్ నుంచే తీసేశారు. 8.0కి మద్దతు గడువు 2026 ఏప్రిల్ దాకానే కాబట్టి అందరూ అప్పటికే 8.4కి కదలడం మొదలుపెట్టారు. కదిలినవాళ్ళు కదిలినట్టు మా దగ్గరికొచ్చారు.

అందులో రెండు రకాల ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. ముందు వాటిని విడదీయాలి. ఎర్రర్ 1524 వచ్చి 'నేటివ్ పాస్‌వర్డ్ ప్లగిన్ లోడ్ కాలేదు' అని కనిపిస్తే అది డ్రైవర్ సమస్య కాదు. ఆ యూజర్ ఖాతా ఇంకా పాత ప్లగిన్ మీదే ఉంది, సర్వర్‌లో ఆ ప్లగిన్ లేదు. ఆల్టర్ యూజర్ కమాండ్‌తో ఖాతాను క్యాషింగ్ షా2కి మార్చి పాస్‌వర్డ్ మళ్ళీ పెట్టాలి. 8.4లో అయితే కాన్ఫిగ్ ఫైల్లో పాత ప్లగిన్‌ను ఆన్ చేసి కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు, 9.0లో ఆ దారీ లేదు. ఇదే జవాబును పదేపదే రాయలేక డాక్యుమెంటేషన్‌లో పేజీ పెట్టి, ఎర్రర్ మెసేజ్‌లోనే దాని లింకు ఇచ్చాం. ఆ రకం ఇష్యూలు దాదాపు ఆగిపోయాయి. ఈ ఏడాది చేసిన మార్పుల్లో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇచ్చింది అదే.

రెండో రకం మాది. క్యాషింగ్ షా2లో సర్వర్ 20 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. డ్రైవర్ దాన్ని పాస్‌వర్డ్ హ్యాష్‌తో కలిపి 32 బైట్ల జవాబు ఇస్తుంది. ఆ యూజర్ వివరం సర్వర్ మెమరీలో అప్పటికే ఉంటే పోల్చి చూసి 1, 3 అనే రెండు బైట్లు పంపుతుంది, కనెక్షన్ కుదిరినట్టే. మెమరీలో లేకపోతే 1, 4 పంపుతుంది. అంటే అసలు పాస్‌వర్డ్ కావాలని. కనెక్షన్ టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్ట్ అయిన దారి) మీదో యునిక్స్ సాకెట్ (అదే మెషీన్ లోపలి దారి) మీదో ఉంటే పాస్‌వర్డ్‌ను చివర సున్నా బైట్‌తో ఉన్నదున్నట్టు పంపొచ్చు. ఎన్‌క్రిప్షన్ లేని మామూలు టీసీపీ నెట్‌వర్క్ కనెక్షన్ మీద ఉంటే డ్రైవర్ 2 అనే బైట్ పంపి సర్వర్ పబ్లిక్ కీ అడగాలి, పాస్‌వర్డ్‌ను ఆ 20 బైట్లతో ఎక్సార్ చేసి (బిట్ల వారీగా కలిపి), ఆర్ఎస్ఏతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపాలి. మా డ్రైవర్‌లో అప్పటికి ఈ చివరి దారి లేదు.

'ఒక్కోసారి' అన్న మాట వెనక ఉన్నది ఇదే. ఎవరో ఒకరు మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్ క్లయింట్‌తో అదే ఖాతాలో లాగిన్ అవుతారు. అది కుదిరితే టీఎల్ఎస్ వాడుతుంది కాబట్టి లాగిన్ సాఫీగా అవుతుంది, యూజర్ వివరం సర్వర్ మెమరీలో చేరుతుంది. అక్కడి నుంచి మా డ్రైవర్ కూడా చక్కగా కనెక్ట్ అవుతుంది. సర్వర్ రీస్టార్ట్ అయినా, ఎవరైనా ఫ్లష్ ప్రివిలేజెస్ కమాండ్ కొట్టినా మెమరీ ఖాళీ, మళ్ళీ మొదటికొస్తుంది. 'కాసేపటికి దానంతటదే బాగైంది' అని రాసి ఇష్యూ మూసేసినవాళ్ళు ఎంతమందో. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. ఈ విషయం తెలిశాక పాత ఇష్యూలు మళ్ళీ చదివితే ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. ఆ వారం నిజంగా సంతోషంగా గడిచింది.

ఆ లేని దారిని చేర్చే కోడ్ చిన్నదే. కానీ తప్పు ఎక్కడ దొర్లినా సర్వర్ ఇచ్చే జవాబు ఒక్కటే: 1045, యాక్సెస్ డినైడ్. పాస్‌వర్డ్ తప్పేమో అనిపిస్తుంది తప్ప ఇంకే ఆచూకీ దొరకదు. 20 బైట్ల సంఖ్య హ్యాండ్‌షేక్‌లో (కనెక్షన్ మొదట్లో జరిగే పలకరింపులో) రెండు ముక్కలుగా వస్తుంది, మొదట 8, తర్వాత 13. ఆ పదమూడో బైట్ సున్నా, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. 21 బైట్లతో లెక్క కడితే 1045. ఆర్ఎస్ఏ ప్యాడింగ్ (ఎన్‌క్రిప్ట్ చేసేముందు అదనపు బైట్లు చేర్చే పద్ధతి) ఓఏఈపీ, దానికో హ్యాష్ ఎంచుకోవాలి. ప్లగిన్ పేరులో షా2 ఉంది కదా అని అక్కడ షా-256 ఎంచుకుంటే సర్వర్ దాన్ని విప్పలేదు, మళ్ళీ 1045. అక్కడ ఉండాల్సింది షా-1. ఎన్‌క్రిప్ట్ చేసేముందు పాస్‌వర్డ్ చివర సున్నా బైట్ చేర్చాలి, ఎక్సార్ ఆ సున్నాకీ వర్తిస్తుంది. ఖాళీ పాస్‌వర్డ్ అయితే ఈ లెక్కలేవీ లేకుండా ఖాళీ జవాబే పంపాలి. టెస్టు రాసేటప్పుడు ప్రతి కనెక్షన్‌కీ ముందు ఫ్లష్ ప్రివిలేజెస్ తప్పనిసరి. లేకపోతే మొదటి టెస్టు మెమరీ నింపేస్తుంది, మిగతావన్నీ సులువు దారిన పాసైపోతాయి.

ఇక్కడ రెండు నిర్ణయాల మీద జూన్ అంతా చర్చ నడిచింది. మొదటిది, మామూలు టీసీపీ మీద వచ్చే పబ్లిక్ కీని నమ్మొచ్చా? మధ్యలో ఎవరైనా కూర్చుంటే తన కీ ఇచ్చి పాస్‌వర్డ్ లాగేసుకోగలడు. జావా డ్రైవర్‌లో దీనికి విడిగా అనుమతి ఇవ్వాలి, లేకపోతే ఒప్పుకోదు. మేమూ ఆ పద్ధతికే వచ్చాం. కీ ఫైల్‌ను ముందే చేతికివ్వాలి, లేదా అనుమతి ఆప్షన్‌ను చెప్పి మరీ ఆన్ చేయాలి. రెండోది, ఆర్ఎస్ఏ ఎక్కడి నుంచి తేవాలి? పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో అది లేదు. క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ తెచ్చుకుంటే, రెడీమేడ్ వీల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) దొరకని మెషీన్లలో రస్ట్ కంపైలర్ కావాలి. ఏ డిపెండెన్సీ (వేరే ప్యాకేజీ అవసరం) లేదనే కదా చాలామంది మా డ్రైవర్ వాడుతున్నది. ఓఏఈపీని మనమే కొన్ని పదుల లైన్లలో రాసుకోవచ్చు, అలాంటి పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పు ప్రతిపాదన) ఒకటి వచ్చింది కూడా. నేను ఒప్పుకోలేదు. పాస్‌వర్డ్‌ను తాకే క్రిప్టో కోడ్‌ను తీరిక వేళల్లో పనిచేసే నలుగురం కాపాడలేం. దాన్ని ఐచ్ఛిక డిపెండెన్సీగా పెట్టి, అది లేనప్పుడు ఏం ఇన్‌స్టాల్ చేయాలో ఎర్రర్‌లోనే చెప్పాం.

జూలై, ఆగస్టు టెస్టు ఏర్పాట్లకే సరిపోయాయి. మైఎస్‌క్యూఎల్ 5.7, 8.0, 8.4, 9 వరస, దాని నుంచే పుట్టిన మారియాడీబీ 10.6, 10.11, 11.4, వాటి మీద పైథాన్ 3.9 నుంచి 3.14 దాకా. అన్నిటినీ అన్నిటితో గుణిస్తే ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ గంటలు పడుతుంది. అందుకని ప్రతి సర్వర్‌నీ ఒక్క పైథాన్‌తో, ప్రతి పైథాన్‌నీ ఒక్క సర్వర్‌తో నడిపి, పూర్తి గుణకారం వారానికోసారి రాత్రిపూట పెట్టుకున్నాం.

అప్పుడప్పుడూ కారణం తెలియకుండా టెస్టులు 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని పడిపోయేవి. టెస్టు సర్వర్లను నడిపే డాకర్‌లో ఇది కొత్తవాళ్ళందరికీ ఎదురవుతుంది కాబట్టి వివరంగా చెబుతాను. మైఎస్‌క్యూఎల్ ఇమేజ్ మొదటిసారి లేచినప్పుడు ముందు నెట్‌వర్క్ లేని తాత్కాలిక సర్వర్‌ను నడుపుతుంది. యూజర్లనూ డేటాబేస్‌లనూ సృష్టించాక దాన్ని ఆపి, అసలు సర్వర్‌ను లేపుతుంది. సర్వర్ సిద్ధమైందా అని చూసే హెల్త్‌చెక్‌లో మైఎస్‌క్యూఎల్‌అడ్మిన్ పింగ్ హోస్ట్ పేరు లేకుండా రాస్తే అది యునిక్స్ సాకెట్‌తో మాట్లాడి, తాత్కాలిక సర్వర్ చెప్పిన జవాబుకే 'సిద్ధం' అనేస్తుంది. హోస్ట్‌గా 127.0.0.1 అని ఇవ్వాలి. లోకల్‌హోస్ట్ అని రాస్తే మళ్ళీ సాకెట్‌కే వెళ్తుంది. పైగా పాస్‌వర్డ్ తప్పయినా పింగ్ విజయమే అంటుంది. అందుకే మేము పింగ్ తీసేసి, టెస్టు యూజర్‌తో టీసీపీ మీద సెలెక్ట్ 1 నడిపి చూస్తున్నాం. ఆ తర్వాత ఆ గోల లేదు.

ఆగస్టులోనే ఒక పుల్ రిక్వెస్ట్ వచ్చింది. పెద్ద టెక్స్ట్ కాలమ్‌లను మొత్తం మెమరీలోకి తెచ్చుకోకుండా ప్యాకెట్ వచ్చినకొద్దీ డీకోడ్ చేసి ఇచ్చే మార్పు అది. మైఎస్‌క్యూఎల్ ప్యాకెట్ గరిష్ఠంగా 16,777,215 బైట్లు, అంతకు మించితే తర్వాతి ప్యాకెట్‌లోకి కొనసాగుతుంది. పంపినాయన తెలుగువాడే అయ్యుండాలి. టెస్టులో 'తెలుగు' అన్న మాటనే లక్షలసార్లు పేర్చి 16 ఎంబీ దాటించాడు. తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, కాబట్టి ప్యాకెట్ అంచున అక్షరం విరిగితే తెలిసిపోవాలి. టెస్టు పాసైంది. కానీ కోడ్ చదివితే ప్రతి ప్యాకెట్‌నూ విడివిడిగా డీకోడ్ చేస్తోంది, పాస్ కావడానికి వీల్లేదు.

కాగితం మీద లెక్క వేస్తే తేలింది. 16,777,215ని 3 నిశ్శేషంగా భాగిస్తుంది. అంత పెద్ద విలువకు ముందు వచ్చే పొడవు సూచిక 9 బైట్లు, అదీ 3 గుణిజమే. దాంతో అచ్చంగా తెలుగే ఉన్నంతవరకు ప్యాకెట్ అంచు ఎప్పుడూ సరిగ్గా రెండు అక్షరాల మధ్యే పడుతుంది. టెక్స్ట్ మొదట్లో ఒక్క స్పేస్ చేర్చగానే యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ వచ్చి పడింది. ఆ మార్పు అలాగే వెళ్ళి ఉంటే, ఇంగ్లిష్ అంకె ఒకటి కలిసిన ప్రతి పెద్ద తెలుగు డాక్యుమెంటూ ఎప్పుడో ఒకప్పుడు పగిలేది. మిగిలిపోయిన బైట్లను తర్వాతి ప్యాకెట్‌కు మోసుకెళ్ళే ఇంక్రిమెంటల్ డీకోడర్ పెట్టించాం. టెస్టులో ఇప్పుడు ముందు 0, 1, 2 స్పేసులతో మూడు రకాల డేటా ఉంది. పొడవు సరిగ్గా 16,777,215 అయినప్పుడు సర్వర్ వెనకాల ఖాళీ ప్యాకెట్ పంపుతుంది, దానికీ వేరే టెస్టు. మారియాడీబీలో గరిష్ఠ ప్యాకెట్ డిఫాల్ట్ 16 ఎంబీయే కాబట్టి ఈ టెస్టుల కోసం ఆ సెట్టింగ్ పెంచాలి. మైఎస్‌క్యూఎల్ 8లో 64 ఎంబీ, ఇబ్బంది లేదు.

సెప్టెంబరులో రిలీజ్ క్యాండిడేట్, అంటే అసలు రిలీజ్‌కు ముందు పరీక్షకు పెట్టే వెర్షన్. పైపీఐకి ఎక్కించడానికి ఇప్పుడు ఎవరి ల్యాప్‌టాప్‌లోనూ టోకెన్ ఉంచడం లేదు. 2023లో వచ్చిన ట్రస్టెడ్ పబ్లిషింగ్‌తో సీఐ (బిల్డ్, టెస్టులను తనంతట తనే నడిపే ఏర్పాటు) వర్క్‌ఫ్లో నుంచే వెళ్తుంది, ఇద్దరిలో ఒకరు ఆమోదం నొక్కితేనే కదులుతుంది. ఒకసారి ఎక్కించిన ఫైల్ పేరును పైపీఐ మళ్ళీ వాడనివ్వదు, తీసేసినా సరే. తప్పు ఫైల్ వెళ్తే వెర్షన్ నంబర్ పెంచడమే దారి. ఉన్నదాన్ని తొలగించకుండా 'యాంక్' చేయాలి. అప్పుడు ఆ నంబర్‌కే కట్టుకున్నవాళ్ళ బిల్డ్‌లు ఆగవు, కొత్తవాళ్ళకు మాత్రం అది దొరకదు.

క్యాండిడేట్ పెట్టి నెల ఆగాం. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ దాన్ని అడిగితే తప్ప తీసుకోదు కాబట్టి ప్రయత్నించినవాళ్ళు చాలా తక్కువ. ఆ మౌనమే నాకు అన్నిటికన్నా భారంగా అనిపించింది. బాగుందని ఊరుకున్నారో, ఎవరూ చూడలేదో తెలియదు. వచ్చిన ఒకే ఒక్క పెద్ద ఫిర్యాదు మాత్రం రిలీజ్‌ను కాపాడింది. కొత్త వెర్షన్‌లో, సర్వర్ టీఎల్ఎస్ ఉందంటే దాన్నే వాడేలా మార్చాం. ఒకాయన దగ్గర 5.7.28కి ముందరి 5.7 కమ్యూనిటీ సర్వర్ ఉంది. వాటిలో టీఎల్ఎస్ కోసం ఉన్నది యాఎస్ఎస్ఎల్ లైబ్రరీ, అది టీఎల్ఎస్ 1.1 దాకానే మాట్లాడగలదు. పైథాన్ 3.10 నుంచి డిఫాల్ట్‌గా 1.2 కంటే తక్కువకు ఒప్పుకోదు. నిన్నటిదాకా టీఎల్ఎస్ లేకుండా నడిచిన ఆయన ప్రోగ్రామ్ హ్యాండ్‌షేక్‌లోనే ఆగిపోయింది. చప్పుడు చేయకుండా మామూలు టీసీపీకి దిగిపోయే ఏర్పాటు పెట్టమని కొందరన్నారు. భద్రత తగ్గినట్టు యూజర్‌కు తెలియకుండా తగ్గించడం నాకు సమ్మతం కాదు. కారణం విడమరిచి, టీఎల్ఎస్ ఆపే ఆప్షన్ పేరు చెప్పే ఎర్రర్ పెట్టాం.

నవంబరులో అసలు రిలీజ్ అయ్యాక కొన్ని గంటల్లోనే ఇష్యూలు మొదలయ్యాయి, మనకు అర్ధరాత్రి, యూరప్, అమెరికాల్లో పని వేళలు. ఎక్కువ భాగం సర్టిఫికెట్ల గురించే. పైథాన్ 3.13లో డిఫాల్ట్ ఎస్ఎస్ఎల్ కాంటెక్స్ట్ కఠిన తనిఖీని ఆన్ చేసింది. సొంతంగా తయారుచేసుకున్న సీఏ (సర్టిఫికెట్లపై సంతకం చేసే అథారిటీ) సర్టిఫికెట్లలో అథారిటీ కీ ఐడెంటిఫయర్ లాంటివి లేకపోతే తిప్పికొడుతుంది. మైఎస్‌క్యూఎల్ తనే పుట్టించుకునే సర్టిఫికెట్‌లో హోస్ట్ పేరు ఉండదు కాబట్టి హోస్ట్ తనిఖీ అడిగితే అదీ పడదు. రెండూ డ్రైవర్ తప్పులు కావు. అయినా యూజర్‌కు కనిపించేది మా కొత్త వెర్షన్ పేరే, వివరించాల్సిందీ మేమే.

ఖర్చు సంగతి. సీఐకి డబ్బు కట్టడం లేదు, పబ్లిక్ రిపోజిటరీ కాబట్టి ఉచితం. డబ్బు రూపంలో పోయేది డొమైన్ ఏటా కట్టే రుసుము ఒక్కటే. పోయేదంతా వారాంతాలు. అందులోనూ కోడ్ రాయడానికి పట్టింది తక్కువ, జవాబులు రాయడానికి పట్టింది ఎక్కువ. యూరోపియన్ యూనియన్ సైబర్ రెసిలియెన్స్ చట్టంలో లోపాలు నివేదించే బాధ్యతలు 2026 సెప్టెంబరు 11 నుంచి మొదలవుతాయి. అవి ప్రధానంగా ఉత్పత్తులు అమ్మే కంపెనీలవి. కానీ ఆ కంపెనీల నుంచి పొడవాటి ప్రశ్నావళులు మాకొస్తున్నాయి, ఫలానా తేదీలోగా నింపి పంపమని. మొదట్లో నింపేవాణ్ణి. ఇప్పుడు భద్రతా విధానం పేజీ లింకు, ఏ వెర్షన్లకు మద్దతు ఉందో చెప్పే పట్టిక పంపి ఊరుకుంటున్నాను. ఇంకా కావాలంటే మనిషినో డబ్బునో ఇవ్వమని మర్యాదగానే రాస్తున్నాను. ఒక కంపెనీ నిజంగానే తమ ఇంజనీర్‌కు నెలలో రెండు రోజులు ఈ పనికి కేటాయించింది. మారియాడీబీ టెస్టులు ఇప్పుడు ఆవిడే చూస్తున్నారు.

వచ్చే వెర్షన్‌లో 5.7ను వదిలేస్తున్నాం, సర్వర్ వైపు దాని మద్దతు 2023 అక్టోబరులోనే ముగిసింది. ఈలోగా కనెక్షన్ ఇష్యూ పెట్టేవాళ్ళు నాలుగు వివరాలు ఇస్తే సగం రోజులు కలిసొస్తాయి: సెలెక్ట్ వెర్షన్ ఇచ్చిన పూర్తి జవాబు, మైఎస్‌క్యూఎల్.యూజర్ పట్టికలో ఆ ఖాతా ప్లగిన్ పేరు, కనెక్షన్ టీఎల్ఎస్ మీదా కాదా, మధ్యలో ప్రాక్సీ ఏదైనా ఉందా. పాస్‌వర్డ్ మాత్రం దయచేసి ఇష్యూలో అతికించకండి. అతికించినవాళ్ళు ఉన్నారు, అలాంటప్పుడు ఎడిట్ చేసినా పాత ప్రతి చరిత్రలో కనిపిస్తూనే ఉంటుంది. వెంటనే ఆ పాస్‌వర్డ్ మార్చేయండి.